లెన్ పేరు మీద ఆట

రెడ్‌కార్
నవంబరు 9

ఎడ్విన్ బావగారికి,

నా చేతిరాత చూసి కంగారు పడకండి, అందరం బాగానే ఉన్నాం. ఫోను చేస్తే మీకు సగం మాటలు వినపడవు, మిగతా సగం మీరే ఊహించుకుంటారు. పైగా ఈమధ్య ఫోను మోగితే చాలు, నాకు గుండె జారిపోతోంది. అందుకే కాగితం తీశాను.

ఇక్కడ వారం రోజులుగా ఒకటే గాలి. సముద్రం ఒడ్డు రోడ్డంతా ఇసుక. బడి వంటగదిలో నా పని మామూలే. కొత్తగా వచ్చిన బడి పెద్దావిడ కస్టర్డ్‌లో చక్కెర తగ్గించమంది. పిల్లలు గిన్నెలు నిండుగానే వెనక్కి ఇస్తున్నారు. రోవెనా, గారెత్ ప్రతి ఆదివారం భోజనానికి వస్తున్నారు. మీ తమ్ముడు పోయాక కూతురూ అల్లుడూ నా ముందు లెన్ పేరు ఎత్తకుండా ఎంతో జాగ్రత్తగా మాట్లాడతారు. ఆ జాగ్రత్త చూస్తే నాకు అన్నం సహించదు.

మీతో ఒక పని పడింది. వంటగదిలో నలుగురం ఆడవాళ్ళం క్రిస్మస్ మర్నాటి గుర్రప్పందేలకి తలా రెండు పౌండ్లు వేసి ఆడదామనుకున్నాం. ఇదివరకైతే షాపుకి వెళ్ళేవాళ్ళం. మా వైపు ఉన్న ఒక్క షాపూ మూసేశారు. ఇప్పుడంతా ఫోనులోనేనట. మీరు ముప్పై ఒక్క ఏళ్ళు పందేల షాపులో గాజు వెనక కూర్చున్నవారు, మీకు తెలియనిదేముంది? లైసెన్సు ఉన్న మంచి సైటుని ఎలా గుర్తుపట్టాలి? చెడ్డవాటి గుర్తులేమిటి? రెండూ రాయండి. చెడ్డవేవో తెలిస్తే వాటి జోలికి పోకుండా ఉంటాం కదా.

మీ మరదలు
హెస్టర్


బెరిక్
నవంబరు 14

హెస్టర్ తల్లీ,

నీ ఉత్తరం పొద్దున్నే వచ్చింది. ఇంటి పన్ను కాగితాలు తప్ప నాకు ఉత్తరాలు రాసేవాళ్ళు లేరు. టీ చల్లారేదాకా రెండుసార్లు చదివాను.

నలుగురు వంటావిడలు తలా రెండు పౌండ్లా! నేను షాపులో ఉన్నరోజుల్లో ఇలాంటి బేరాలు వస్తే, ఈరోజు సాయంత్రం కంపెనీ మూసేసుకోవాలేమో అని వేళాకోళం చేసేవాణ్ణి. సరే, విను.

పేజీ అడుగుకి వెళ్ళు. మన ప్రభుత్వ జూదాల కమిషన్ ఇచ్చిన లైసెన్సు నంబరు అక్కడ ఉండాలి. ఉంది కదా అని నమ్మెయ్యకు, నంబరు ఎవడైనా అచ్చు వేసుకోవచ్చు. వాళ్ళ పేజీలోంచి కాకుండా నువ్వే విడిగా కమిషన్ వాళ్ళ పట్టిక తెరిచి, అందులో ఆ కంపెనీ పేరు వెతుకు. పేరు ఒక్కటే కాదు, సైటు చిరునామా అక్షరం అక్షరం కలవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే దుకాణం. ఇంకోటి, మంచివాడు నిన్ను విసిగిస్తాడు. పేరు, పుట్టినరోజు, చిరునామా, గుర్తింపు కాగితం, అన్నీ చూసిగాని ఆడనివ్వడు. ఏమీ అడక్కుండా రండి రండి అనేవాడి గుమ్మం ఎక్కకు. ఈ దేశంలో క్రెడిట్ కార్డు మీద పందెం చట్టరీత్యా కుదరదు. ఎవడైనా తీసుకుంటానన్నాడంటే వాడు చట్టానికి బయట ఉన్నాడన్నమాట. నెలకి ఇంతే వేస్తాను అని నువ్వే కంచె కట్టుకునే వీలుండాలి. తగాదా వస్తే తీర్చే మూడో మనిషెవరో రాసి ఉండాలి. 'ఉచితం' అన్నచోట మాత్రం కింద ఉన్న చిన్న అక్షరాలు కళ్ళద్దాలు పెట్టుకుని చదువు. గెలిచిన డబ్బు బయటికి రాకుండా ముడి వేసేది అక్కడే.

అన్నిటికంటే పెద్దది ఇంకొకటి. ఆట మానాలనుకున్నవాడు ఒకచోట పేరు రాయించుకుంటే లైసెన్సు ఉన్న ప్రతి సైటూ వాణ్ణి బయటే ఆపెయ్యాలి. మూడేళ్ళ కిందట లెన్ పేరు రాయించినప్పుడు పక్కన నేనే కూర్చున్నాను, నీకు గుర్తుండే ఉంటుంది. ఐదేళ్ళకి రాయించాం. వాడు బటను నొక్కి, "అన్నయ్యా, ఈ దేశంలో ఇక నాకు తలుపు తీసేవాడు లేడు" అని నవ్వాడు. పోయేటప్పటికి శుభ్రమైన మనిషిగా పోయాడు. అదే నాకు మిగిలిన ఊరట.

చెడ్డవాటి పేర్లు రాయను. వాటితో నీకేం పని?

ఎడ్విన్


రెడ్‌కార్
నవంబరు 30

బావగారూ,

మీరు చెప్పినట్టే చూశాను. ఒక సైటు ఉంది. పేజీ అడుగున ఏదో దీవి బొమ్మ, దాని పక్కన ఒక నంబరు. కమిషన్ పట్టికలో ఆ పేరే లేదు. మీరు రాసిన చెడ్డ గుర్తులన్నీ దానికి ఉన్నాయి. తర్వాత ఒక మంచి సైటులో చేరబోయాను. నా పేరు, పుట్టినరోజు అడిగింది. అక్కడితో ఆపేశాను.

ఇంక దాచలేను. ఆగస్టు పందొమ్మిదిన ఒడ్డున బెంచీ మీద లెన్ గుండె ఆగిపోయినప్పుడు చేతిలో ఫోను ఉంది. పోలీసులు దాన్ని సంచిలో పెట్టి తెచ్చి ఇచ్చారు. బ్యాంకుకి చెప్పాలి, పింఛను వాళ్ళకి చెప్పాలి అని దాన్ని చార్జింగుకి పెట్టాను. అంత్యక్రియలయిన నాలుగోరోజు, నేను బంగాళదుంపలు చెక్కు తీస్తుంటే మోగింది.

"లెన్, మీరు లేక వెలితిగా ఉంది. ఒకసారి వచ్చి వెళ్ళండి."

చేతిలో కత్తి సింకులో పడిపోయింది. రోవెనా ఏదో పంపిందనుకున్నాను. కాదు. పందేల సైటు నుంచి, మీరు పేరు రాయనన్న జాతిలోది. అప్పట్నించి రోజుకి రెండు మూడు వస్తున్నాయి. "లెన్, ఈరోజు మీ అదృష్టం బాగుంది." "లెన్, మీ కుర్చీ ఖాళీగా ఉంది." వాళ్ళు ఉత్తినే రాస్తారు, తెలుసు. కానీ ఆ కుర్చీ మా వంటింట్లో నిజంగానే ఖాళీగా ఉంది కదా.

మీరు శుభ్రమైన మనిషిగా పోయాడు అన్నారు. లేదు బావగారూ. పోయిన ఏప్రిల్ నుంచీ అక్కడే ఆడుతూ వచ్చాడు. ఐదేళ్ళు అన్ని తలుపులూ మూయించాం కదా, ఈ తలుపు ఎలా దొరికింది ఆయనకి? ఎవరు చూపించారు?

హెస్టర్


బెరిక్
డిసెంబరు 5

హెస్టర్,

ఫోను వెంటనే ఆపెయ్యి. ఆ సందేశాలు మనిషి రాసేవి కావు. యంత్రం రాస్తుంది. పేరు పెట్టి పిలిస్తే మనిషి వెనక్కి తిరుగుతాడని దానికి నేర్పారు, అంతకుమించి ఏమీ లేదు.

మరణ పత్రం నకలు ఒకటి నాకు పంపు. లైసెన్సున్నవాళ్ళయితే ఒక్క ఉత్తరంతో ఖాతా మూసి, క్షమాపణ కూడా చెప్పేవాళ్ళు. వీళ్ళ సంగతి నాకు తెలీదు. అయినా ప్రయత్నిస్తాను.

ఆ తలుపు ఎలా దొరికిందని ఇప్పుడు తవ్వుకుని ఏం లాభం? నీళ్ళు వెతుక్కున్నట్టు వెతుక్కుంటారు అలాంటివాళ్ళు.

నది మీద మంచు దిగింది. హంసలు కూడా కదలకుండా ఉన్నాయి.

ఎడ్విన్


బెరిక్
జనవరి 6

హెస్టర్,

ఇది చదివేముందు కూర్చో.

మొన్న ఊళ్ళో గ్రంథాలయానికి వెళ్ళి అక్కడి కంప్యూటరులో ఆ సైటు తెరిచాను. తెర మూల ఖాతాదార్లతో రాతలో మాట్లాడే చిన్న పెట్టె ఉంటుంది. సోఫీ అట పేరు. నేను రాసిందీ, వాళ్ళు చెప్పిందీ కాగితం మీద ఎక్కించుకొచ్చాను.

నేను: "నా తమ్ముడు లెనర్డ్ గార్బట్ ఆగస్టులో చనిపోయాడు. అతని ఖాతా మూసేయండి. మరణ పత్రం పంపిస్తాను."

వాళ్ళు: "మీరు పొరబడుతున్నారండీ. లెన్‌గారు నిన్న మధ్యాహ్నం కూడా మాతో మాట్లాడారు. కులాసాగా ఉన్నారు."

నాకు చెవులు సరిగ్గా వినపడవు గానీ, కళ్ళు బాగానే ఉన్నాయి. మూడుసార్లు చదివాను. గ్రంథాలయంలో పనిచేసే అమ్మాయి వచ్చి, "ఏంటి తాతా, ఒంట్లో బాలేదా?" అంది. నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

దయ్యాల్ని నేను నమ్మను. కానీ ఆరోజు ఇంటికి నడుస్తూ వంతెన మీద రెండుసార్లు వెనక్కి చూశాను. చిన్నప్పుడు వాడు నా వెనకాలే నడిచేవాడు, నా అడుగులో అడుగు వేసి. నిన్న మధ్యాహ్నం కులాసాగా ఉన్నాడట!

తర్వాత కుదురుగా ఆలోచించాను. ఎవరో వాడి ఫోను తెరుస్తున్నారు. ఆ ఇంట్లోకి వచ్చేపోయేవాళ్ళెవరు? ఆ ఫోను ఎప్పుడు పాడైనా బాగుచేసి పెట్టింది గారెత్. ఇలాంటి మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది. ముందు నీకు చెప్పలేక రోవెనాకే సూటిగా రాశాను, ఒకసారి అతన్ని అడగమని.

ఎడ్విన్


రెడ్‌కార్
జనవరి 24

బావగారూ,

మీరు రోవెనాకి రాసిన ఉత్తరం ఎంత పని చేసిందో మీకు తెలీదు. రెండు ఆదివారాలుగా వాళ్ళు రావడం లేదు. గారెత్ చర్చిలో లాటరీ చీటీ కూడా కొనడు, పాపం. మొన్న ఒక్కడే వచ్చి, కోటు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తయ్యా, మీరు కూడా నేనే అనుకుంటున్నారా? ఒక్క మాట చెప్పండి. మీరు అనుకోవట్లేదంటే చాలు నాకు."

అతని కళ్ళలోకి చూసి, "లేదు నాయనా, నువ్వు కాదు" అన్నాను. "మరెవరు?" అన్నాడు. తలుపు వేసుకుని మెట్ల మీద కూర్చుండిపోయాను. అతనికి చెప్పలేనిది మీకు చెబుతున్నాను.

నేనే.

వంటగదిలో నలుగురు ఆడవాళ్ళూ లేరు, క్రిస్మస్ పందేలూ లేవు. సెప్టెంబరులో ఆ సందేశాలు భరించలేక, లెన్ చనిపోయాడని చెబుదామనే ఆ ఫోను తెరిచాను. తాళం మా పెళ్ళి తేదీ. ఆయన ఖాతా తెరుచుకుంది. పెట్టెలో సోఫీ అడిగింది, "లెన్, ఎలా ఉన్నారు ఈరోజు?" అని.

చనిపోయాడని రాయబోయాను. వేళ్ళు 'బాగున్నాను' అని కొట్టాయి.

ఊరంతా నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడుతుంది. కన్నకూతురు ఆ పేరు పలకదు. ఆ ఒక్కచోటే, బావగారూ, ఆయన బతికి ఉన్నాడు. "లెన్, మీకిష్టమైన ఆట సిద్ధంగా ఉంది" అంటుంది. ఆయనకిష్టమైన ఆట ఏదో నాకే తెలీదు, దానికి తెలుసు. అది ఆడాను. బడి పని మూడింటికల్లా అయిపోతుంది. ఒడ్డుకి నడిచి వెళ్ళి, ఆయన కూర్చున్న బెంచీ మీదే కూర్చుని ఆడతాను. నా పక్కన ఆయన ఉన్నట్టుండదు. నేనే ఆయన అయినట్టుంటుంది. ఆయన చివరి గంట ఎలా గడిచిందో తెలిసినట్టుంటుంది.

ఎంత పోయిందో రాయను. ఆయన పింఛనులో నాకు రావలసినదంతా అటే పోతోంది.

నవంబరులో మీకు రాసినప్పుడు నిజంగానే మంచి చోటికి మారదామనుకున్నాను. మీ ఉత్తరం ముందు పెట్టుకుని లైసెన్సున్నది వెతికాను, దొరికింది కూడా. కానీ మంచివాడు విసిగిస్తాడు అన్నారు కదా, వాడు నా పేరు అడిగాడు. నా గుర్తింపు కాగితం అడిగాడు. అక్కడ నేను హెస్టర్‌ని తప్ప ఇంకెవరూ కాలేను. హెస్టర్‌తో నాకేం పని? అందుకే వెనక్కి వెళ్ళిపోయాను, ఎవరు ఎవరో అడగనిచోటికి.

గారెత్‌కి క్షమాపణ రాయండి. ముందు ఆ పని చెయ్యండి.

హెస్టర్


బెరిక్
జనవరి 29

హెస్టర్ తల్లీ,

గారెత్‌కి రాశాను. రోవెనాకీ రాశాను. నా తెలివితక్కువతనం అని మాత్రం చెప్పాను, నీ సంగతి చెప్పలేదు. అది నువ్వు చెప్పుకోవలసింది.

నీకు రాయవలసింది ఇంకొకటి ఉంది. నవంబరులో రాయలేదు. డిసెంబరులో నువ్వు సూటిగా అడిగినా తప్పించుకున్నాను.

పోయిన మార్చిలో లెన్ ఇక్కడికి వచ్చాడు. నదికి ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో చేపలు, వేయించిన దుంపలు తిన్నాం. మాట్లాడుతూ మాట్లాడుతూ వాడన్నాడు, "అన్నయ్యా, ఆ నిషేధం పట్టికకి లొంగని సైట్లు కూడా ఉంటాయటగా? చెడ్డవేవో చెప్పు, తెలిస్తే వాటి జోలికి పోకుండా ఉంటా కదా" అని.

నాకు ఉద్యోగం పోయి ఆరేళ్ళయింది. నా విద్య గురించి అడిగేవాడు లేడు. వాడు అడిగేసరికి పొంగిపోయాను. లైసెన్సు లేని సైట్లు ఎలా ఉంటాయో, ఎలా రప్పిస్తాయో, పట్టికలో పేరున్నవాణ్ణి కూడా ఎలా రానిస్తాయో పూసగుచ్చినట్టు చెప్పాను. ఒకదాని పేరు కూడా చెప్పాను. వాడు రాసుకోలేదు. తినడం ఆపేశాడు. పళ్ళెంలో చేప సగం అలాగే ఉంది. నేను అది చూశాను, హెస్టర్. చూసి కూడా మాట మార్చలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు గాజు వెనకనుంచి మనుషుల మొహాలు చదివినవాణ్ణి, నా తమ్ముడి మొహం చదవలేదని చెప్పుకుంటే అది అబద్ధం.

వాడు ఏప్రిల్లో మొదలుపెట్టాడని నువ్వు రాసినప్పుడే నాకు తెలిసిపోయింది. అందుకే నువ్వు పేరు చెప్పకపోయినా గ్రంథాలయంలో నేరుగా ఆ సైటే తెరిచాను. తలుపు ఎవరు చూపించారని అడిగావు. నేను చూపించాను.

నవంబరులో నీ ప్రశ్న చదివినప్పుడు చెయ్యి ఆగింది. అచ్చం వాడి మాటలే. చనిపోయినవాడు నీ చేతిరాతలో మళ్ళీ అడుగుతున్నట్టనిపించింది. అందుకే ఈసారి పేరు రాయలేదు. గుర్తులు మాత్రం అన్నీ రాశాను. ఎందుకు రాశానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఎడ్విన్


రెడ్‌కార్
ఫిబ్రవరి 3

ఉత్తరం అందింది.

ఇక రాయకండి. రావద్దు కూడా.

హెస్టర్


బెరిక్
ఫిబ్రవరి 20

హెస్టర్,

రావద్దన్నావు. గురువారం వస్తున్నాను. ఇంటికి రాను. ఒడ్డున బెంచీ దగ్గర ఉంటాను. నువ్వు ఆడాలంటే నా పక్కన కూర్చుని ఆడాలి. అంతే, ఇంకేమీ అడగను.

ఎడ్విన్


రెడ్‌కార్
మార్చి 18

ఎడ్విన్ బావగారికి,

మీరు వెళ్ళి మూడు వారాలయింది. ఆరోజు మీకు చెప్పని మాట ఒకటి ఉంది.

మీ ఉత్తరం అందినా మీరు రారనుకున్నాను. బడి వదలగానే మామూలుగానే ఒడ్డుకి నడిచాను, కోటు జేబులో ఆ ఫోనుతో. దూరంనుంచి బెంచీ మీద మనిషి కనిపించాడు. అదే వీపు, అదే టోపీ, సముద్రం వైపు అలాగే ఒరిగి. బావగారూ, నేను "లెన్!" అని అరిచాను. రోడ్డుమీద కుక్కతో వెళుతున్నావిడ ఆగి నావైపు చూసింది. మీకు మాత్రం వినపడలేదు. మీరు తిరగలేదు. తిరగకపోయేసరికి లెన్ కాదని తెలిసింది. అంతకుముందు ఆరు నెలలు నాకు తెలియలేదు.

తర్వాతవన్నీ మీకు తెలుసు. నేను పక్కన కూర్చున్నాను. ఫోను మోగింది. మీరు చేయి చాచారు, నేను ఇవ్వలేదు. చాలాసేపయ్యాక ఇచ్చాను. "నీకు నచ్చినట్టు తిట్టు, నాకెలాగూ వినపడదు" అన్నారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు నాకు.

మర్నాడు మీ ముందు నా పేరు పట్టికలో రాయించుకున్నప్పుడు 'పేరు' అన్నచోట నేను ముందు 'లెనర్డ్' అని కొట్టాను. మీరు చూశారు. కిటికీ వైపు తిరిగారు. అది తుడిచేసి నా పేరు రాశాను. ఐదేళ్ళు. ఆ పట్టికకి లొంగనిచోటు ఉందని మనిద్దరికీ తెలుసు. అందుకే బ్యాంకులో కార్డు మార్పించాను. పింఛను ఇక రోవెనా చూస్తుంది. ఆమెకి, గారెత్‌కి అంతా చెప్పాను. రోవెనా గట్టిగా ఏడ్చి, ఏడుస్తూనే, "నాన్న పేరు నువ్వు బాధపడతావని ఎత్తలేదమ్మా" అంది. ఇప్పుడు భోజనం దగ్గర ముగ్గురం లెన్‌ని తిట్టుకుంటున్నాం. ఆయన మాంసం కోసే పద్ధతి, ఆయన గురక, అన్నీ.

నిన్న ఫోను షాపుకి వెళ్ళాను, ఆయన నంబరు తీసెయ్యమని చెప్పడానికి. కౌంటరు దగ్గర నా వయసావిడే ఉంది.

"చనిపోయినవారిదాండీ? అయ్యో. కాగితం ఉంటే ఇప్పుడే తీసేస్తాను."

"తీసేస్తే ఏమవుతుంది ఆ నంబరు?"

"కొన్నాళ్ళు ఖాళీగా ఉంచి, తర్వాత ఇంకెవరికో ఇస్తారు."

కలం నా చేతిలోనే ఉంది, సంతకం పెట్టలేదు. ఎక్కడో ఏ ఊళ్ళోనో ఒకావిడ దుంపలు చెక్కు తీసుకుంటూ ఉంటుంది. కొత్త ఫోను మోగుతుంది. లెన్, మీరు లేక వెలితిగా ఉంది. ఆవిడకి లెన్ అనే మనిషి లేకపోవచ్చు. ఉండి పోయినవాడూ కావచ్చు. ఆవిడ తెరిచి చూస్తే?

"వద్దు, నంబరు ఉంచెయ్యండి. నా పేరు మీదికి మార్చండి" అన్నాను. అన్నిటికంటే తక్కువ ప్లాను నెలకి ఐదు పౌండ్లట. ఫోనులోంచి ఆ చిన్న సిమ్ ముక్క తీయించి గారెత్ చేతికి ఇచ్చాను. ఎక్కడ పెట్టాడో నాకు చెప్పొద్దన్నాను. మీకూ చెప్పడు.

మీమీద కోపం పోయిందని రాయను. సగం ఉంది. ఆ సగంతోనే ఈ ఆదివారం భోజనానికి రమ్మంటున్నాను. ఇంటికి రండి, బెంచీ దగ్గరికి కాదు.

వాళ్ళు ఇప్పటికీ పిలుస్తూనే ఉండి ఉంటారు, రోజుకి రెండు మూడుసార్లు, పేరు పెట్టి. నేను బతికున్నంతకాలం ఆ పిలుపు ఎవరి ఇంట్లోనూ మోగదు.

హెస్టర్ గార్బట్